ఊరగాయల వారీ శ్రోతలు

చింతలమెరకలో మైకు మణిని ఎరగనివాళ్ళు లేరు. అతని పాటలు ఎరిగినవాళ్ళు మాత్రం వేళ్ళమీద లెక్కకొస్తారు. పెళ్ళికీ, జాతరకీ, పోలియో చుక్కలకీ మైకుసెట్టు కట్టే ఈ వీరమణి, ఖాళీ దొరికినప్పుడల్లా సొంతంగా పాట రాసి, సొంతంగా బాణీ కట్టి, నాలుగు గోడలకీ గోనెసంచులు వేలాడదీసిన స్నానాలగదిలో కూర్చుని సొంతంగా పాడి, ఫోనులోంచి లోకం మీదికి వదిలేవాడు. వెనక కంపెనీ లేదు, పక్కన బృందం లేదు. ఇలాంటివాళ్ళని స్వతంత్ర సంగీతకారులంటారని ఎవరో చెప్పగా విని, బోర్డు మీద కూడా ఆ మాట రాయించుకున్నాడు. పదకొండో పాట నూట నలభైసార్లు మోగింది. అందులో తొంభైసార్లు వాళ్ళమ్మ మోగించిందే.

పన్నెండో పాట కథ వేరు.

మణి ఉండే సందుకి కుళాయి లేదు. శుక్రవారం పొద్దున్న ఏడింటికి ట్యాంకరు వస్తుంది. అది ఎక్కడ ఆగాలన్న విషయం మీద రెండేళ్ళ కిందట ఎగువ సందువాళ్ళకీ దిగువ సందువాళ్ళకీ పెద్ద రభస జరిగి, అప్పట్నించీ రెండు వరుసలు కడుతున్నారు. వరుసలు వేరైనా చట్టం ఒకటే. ట్యాంకరొచ్చేదాకా మనిషి నిలబడక్కర్లేదు. ఇటుకరాయో, చిల్లుబిందో, కాలి చెప్పో పెట్టిపోతే చాలు. చెప్పు ఉంటే మనిషి ఉన్నట్టే. దాన్ని జరిపినవాణ్ణి ఆ సందులో మళ్ళీ మనిషికింద లెక్కవెయ్యరు.

ఒక శుక్రవారం ట్యాంకరు రెండు గంటలు ఆలస్యమైంది. విసుగెత్తి మంగతాయారు పిన్ని బోర్లించిన బిందె మీద దరువేసింది. ఆవిడ ఎగువ సందుకి పెద్దదిక్కు. అవతల వరుసలోంచి ఎవరో బదులు దరువు వేశారు. ఇంకొకరందుకున్నారు. మణి ఫోను తీసి ఆ చప్పుడంతా పట్టుకున్నాడు. ట్యాంకరొచ్చేసరికి చూసుకుంటే, రెండు వరుసలూ ఎప్పుడు కలిశాయో ఎవరికీ తెలియలేదు. ఆ వారమే పాట తయారైంది.

"ముందు ఇటుకరాయి, ఎనకాల చిల్లుబిందె,
మధ్యన మా పిన్ని ఎడంకాలి చెప్పు,
ఎవరిదని అడక్కు, జరపకు, తొక్కకు,
నీళ్ళొచ్చేదాకా మనదంతా ఒకే వరస!"

అప్పట్నించీ ప్రతి శుక్రవారం మణి తన మైకులో ఆ పాట వేస్తున్నాడు, సందు ఒకే వరుస కడుతోంది. పాట ఆగితే వరుస మళ్ళీ తెగుతుందని అతనికి భయం. పిన్నికి అంతకంటే భయం. "పాటాపకు నాయనా, నీకు పుణ్యముంటాది. మళ్ళీ ఆళ్ళతో తగువాడే ఓపిక నాకు లేదు," అంది.

ఇంతటితో ఊరుకుంటే బాగుండేది. ఫోనులో పాట కింద మణి రెండు ముక్కలు సొంత అభిప్రాయం కూడా రాశాడు: "మనం వేరువేరు అని ఎవరో వచ్చి చెప్పేదాకా మనకి తెలీదు. చెప్పాక మర్చిపోలేం."

పదిరోజులకి తాఖీదు వచ్చింది.

"సామాజిక విభజనను గూర్చి గేయమును విడుదల చేసియున్న శ్రీ వీరమణికి తెలియజేయునది ఏమనగా, సదరు గేయము ప్రజలను విభజించుట లేదని గాన సామరస్య ధ్రువీకరణ మండలి వారిచే పత్రము పొందనిదే దానిని బహిరంగముగా మ్రోగించరాదు. ముప్పది దినములలో పత్రము పొందనిచో గేయము తొలగించబడును."

మణి మండలి కార్యాలయానికి వెళ్ళాడు. మార్కెట్ యార్డు మేడమీద ఒక గది. లోపల ఒక కుర్చీ, కుర్చీకి ఒక నల్లకోటు. పక్కన స్టూలు మీద అటెండరు గంగరాజు వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.

"సారు లేరాండీ?" అన్నాడు మణి.

"ఉన్నారు కదండీ!" అని గంగరాజు కోటు చూపించాడు. "కోటుంటే సారు ఉన్నట్టేనండి. హాజరు కూడా పడిపోద్ది."

మణి మూడు రోజులు ఆ కోటు ఎదుట కూర్చున్నాడు. రెండోరోజు మర్యాద తప్పుతుందేమోనని ఒక నమస్కారం కూడా పెట్టాడు. నాలుగోరోజు కోటులో మనిషి కనబడ్డాడు. ఆయన పేరు చక్రధరరావు, హోదా గాన సామరస్య అధికారి.

"మీ పాట విన్నాను. ఒకే వరుస అన్నారు. అభినందనీయం," అన్నాడాయన కళ్ళజోడు తుడుచుకుంటూ. "అయితే ఇది శ్రోతలను విభజించడం లేదని మీరు నిరూపించవలసియున్నది."

"మా సందులో అందరూ వింటన్నారండి. ఎవరూ ఇడిపోలేదండి."

"ఎవరి నుంచి ఎవరు విడిపోలేదు?"

మణి గంగరాజు వంక చూశాడు.

"అదీ విషయం! పాలు విరగలేదని చెప్పాలంటే గిన్నెలో ముందు పాలుండాలి కదా. ప్రజలు విడిపోలేదని ధ్రువీకరించాలంటే వాళ్ళు ముందు విడివిడిగా ఉండాలి. మీ సందు ప్రజలు ఏయే వర్గాలుగా ఉన్నారు?"

"వర్గాల్లేవండి. మొన్నటిదాకా ఎగువ, దిగువ అని ఉండేది. పాటొచ్చాక అదీ పోయిందండి."

చక్రధరరావు ముఖం చిన్నబోయింది. "అంటే పరీక్షకు ఆధారమే లేకుండా చేశారన్నమాట. పోనీ, కంగారుపడకండి. కులమతాలు అడగడం సామరస్యానికి విరుద్ధం గనుక మండలి ఎవరినీ నొప్పించని శాస్త్రీయ వర్గీకరణ ఒకటి రూపొందించియున్నది."

ఆయన సొరుగులోంచి పచ్చకాగితం ఒకటి తీసి చదివాడు. పెరుగన్నములో ఆవకాయ నంజుకొనువారు, ఒకటవ వర్గము. మాగాయ నంజుకొనువారు, రెండవ వర్గము. ఏమియు నంజుకొననివారు, మూడవ వర్గము.

"రెండూ నంజుకునేవాళ్ళుంటారు కదండీ?"

"అటువంటివారు ప్రజలలో అయోమయం సృష్టించువారు. నమూనాలో వారికి గడి లేదు."

మర్నాటి నుంచీ గంగరాజు ఇంటింటికీ తిరిగి పెరుగన్నం వేళకి హాజరై కంచాలు చూసి చీటీలు ఇచ్చాడు. ఎర్రచీటీ, పసుపుచీటీ, తెల్లచీటీ. మొదట్లో అందరికీ వేళాకోళంగానే ఉంది. "ఏవమ్మా పసుపుచీటీ, కాస్త పంచదారుంటే పెట్టు," అని నవ్వుకున్నారు. నాలుగురోజులకి నవ్వు తగ్గింది. ఎర్రచీటీవాళ్ళు ఎక్కువమంది ఉన్నారట అన్న కబురు పసుపుచీటీవాళ్ళ చెవినపడింది. తెల్లచీటీవాళ్ళు నాలిక చచ్చినవాళ్ళని ఎవరో అన్నారు. అన్నదెవరో తేలలేదుగానీ, తెల్లచీటీవాళ్ళు ఒక సంఘం పెట్టుకున్నారు. పోటీగా మిగతా రెండు సంఘాలూ పుట్టుకొచ్చాయి. మూడింటి ప్రారంభ సభలకీ మైకు కట్టింది మణే.

మంగతాయారు పిన్ని మాగాయ, ఆవిడ మొగుడు ఆవకాయ. నలభై ఏళ్ళుగా ఒకే కంచం పక్కన రెండు జాడీలూ పెట్టుకుని తిన్నారు. ఇప్పుడాయన ఎర్రచీటీ జేబులో పెట్టుకుని అరుగు మీద భోంచేస్తున్నాడు. "సంఘం వాళ్ళు చూస్తే బాగోదే," అన్నాడట.

మొదటి శ్రవణ పరీక్ష మార్కెట్ యార్డులోనే జరిగింది. వర్గానికి పదిమందిని పిలిచి, వేరువేరు గదుల్లో పాట వినిపించారు. ఇంతకుముందు ప్రతివారం ఆ పాటకి బిందెలు వాయించినవాళ్ళే, కాగితం చేతికిచ్చి "అభ్యంతరములు" అన్న గడి చూపించేసరికి కలాలు అందుకున్నారు. పాటలో ఆవకాయ ప్రస్తావన లేదని ఒకటో వర్గం రాసింది. మాగాయ లేదని రెండో వర్గం. ఏమీ నంజుకోనివాళ్ళు తమ గదిలో ఫ్యాను మెల్లిగా తిరిగిందని రాశారు.

చక్రధరరావు పెదవి విరిచాడు. "చూశారా, మీ పాటలో ఎంత విభజన దాగియున్నదో! ఒకటే మార్గం. వర్గానికొకటి చొప్పున మూడు పాటలు విడుదల చేయండి. అప్పుడు ఎవరి పాట వారు విందురు. సామరస్యం వర్ధిల్లును."

వద్దనాల్సింది. కానీ ముప్పై రోజుల్లో పదిహేను అయిపోయాయి. మణి గోనెసంచుల మధ్య కూర్చుని వారంలో మూడు కొత్త పాటలు విడుదల చేశాడు. పుట్టి బుద్ధెరిగాక అంత వేగంగా పాటలు వదల్లేదు. మొదటిదాంట్లో "ముందు ఆవకాయ జాడీ" అని పాడాడు, రెండోదాంట్లో "ముందు మాగాయ టెంక" అని పాడాడు. మూడోదాంట్లో ముందేమీ లేదు, వెనకేమీ లేదు. రెండు నిమిషాల దరువూ, చివర ఒక నిట్టూర్పూ. ఆ నిట్టూర్పు మాత్రం నిజంగా వచ్చింది. మూడింటినీ కలిపి ఆరువేలమంది విన్నారు. అతని పాట ఎన్నడూ అంత దూరం వెళ్ళలేదు. అతనికి సంతోషం కలగాల్సింది, కలగలేదు.

ఆ శుక్రవారం ట్యాంకరు దగ్గర మూడు వరుసలు నిలిచాయి, ఎవరి వరుసలో వాళ్ళ ఫోనులో వాళ్ళ పాట మోగుతోంది. ట్యాంకరు డ్రైవరు మస్తాను కిందికి దిగి తల గోక్కున్నాడు. "పైపొకటే ఉంది బాబూ, మూడు వరసలకి నేనెలా పట్టను?"

ఆవకాయ ముందా, మాగాయ ముందా అని తగువు పడి, సగం నీళ్ళు నేలపాలయ్యాయి. మిగిలిన సగం రెండు వర్గాలూ పట్టుకున్నాయి. ఏమీ నంజుకోనివాళ్ళకి ఏమీ మిగల్లేదు.

పిన్ని ఖాళీ బిందె చంకనపెట్టుకుని మణి గుమ్మంలోకొచ్చింది. కోప్పడితే తట్టుకునేవాడు, ఆవిడ మెల్లిగా మాట్లాడింది.

"ఎగువా దిగువా అన్నప్పుడు రెండే వరసలురా మణీ. నీ పాట ఆటిని ఒకటి చేసింది. ఇప్పుడు నీ పాటే మూడు చేసింది. దానికంటే నువ్వు పాడకపోతేనే బాగుండేదేమో."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మణి తనని తాను తిట్టుకున్నాడు. ఫోను తీసి ఆ మూడు పాటలూ చెరిపేశాడు. కార్యాలయానికి వెళ్ళి, పరీక్షో గిరీక్షో పాత పాటకే పెట్టండి, తప్పితే తొలగించుకోండి అని కోటుతో చెప్పి వచ్చాడు. ఆరోజు కుర్చీలో కోటు మాత్రమే ఉంది. గంగరాజు అంతా రాసుకున్నాడు.

తుది శ్రవణ పరీక్ష ముప్పయ్యోరోజున, శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి సందు చివర ఖాళీస్థలంలో పెట్టారు. మే నెల. అధికారులకి షామియానా, కింద జంబుఖానా, ఎదురుగా జ్యోతి వెలిగించడానికి కుందె. శ్రోతలకి తాళ్ళు కట్టిన మూడు దొడ్లు, మీద ఆకాశం. తాళ్ళు దారికి అడ్డంగా కట్టడంవల్ల మస్తాను ట్యాంకరు లోపలికి రాలేక స్థలం పక్కనే నిలబడిపోయింది.

తొమ్మిదైంది. పదైంది. చక్రధరరావు రాలేదు. షామియానాలో కుర్చీకి కోటు మాత్రం ముందే వచ్చి కూర్చుంది. పదకొండయ్యేసరికి ఎర్ర, పసుపు, తెలుపు చీటీలన్నీ చెమటకి ఒకే రంగులోకి తిరిగాయి. ఎవరో ఒక ముసలాయన కాసేపు గొణుక్కుని, కాళ్ళ చెప్పులు రెండూ విప్పి తన దొడ్లో తన చోట పెట్టి బయటికి నడిచాడు. మిగిలినవాళ్ళు ఆయన వంక చూశారు. పావుగంటలో మూడు దొడ్ల నిండా చెప్పులే ఉన్నాయి, బారులు తీరి, వర్గాల వారీగా.

ఆ చుట్టుపక్కల నీడ అన్నది ట్యాంకరు కింద తప్ప ఇంకెక్కడా లేదు. ఎర్రచీటీ వెళ్ళి ఒక చక్రానికి ఆనుకుంది, పసుపుచీటీ ఇంకో చక్రానికి ఆనుకుంది. నీడ చిన్నది, జనం ఎక్కువ. ముడుచుకుని కూర్చోక తప్పింది కాదు. మస్తాను చెంబుతో నీళ్ళు పట్టి అందిస్తుంటే చెంబు చేతులు మారింది. పిన్ని మొగుడు చెంబు పిన్నికిస్తూ, "ఈ అరుగు మీద కూడు నాకు సయించట్లేదే," అన్నాడు. పిన్ని కాస్త జరిగి చోటిచ్చింది.

పన్నెండింటికి చక్రధరరావు జీపు దిగాడు. బూట్లు విప్పి, జంబుఖానా తొక్కి, జ్యోతి వెలిగించి, కోటు తొడుక్కుని ఇటు తిరిగాడు. మూడు దొడ్లలో మూడువందల చెప్పులు ఆయన వంకే చూస్తున్నాయి.

"శ్రోతలేరీ?"

"ఉన్నారు కదండీ!" అన్నాడు మణి. నెలరోజుల్లో మొదటిసారి అతనికి నవ్వొచ్చింది. "మా సందులో చెప్పుంటే మనిషి ఉన్నట్టేనండి."

"ఇది ప్రభుత్వ పరీక్షా, పరాచికమా? వస్తువు హాజరైతే వ్యక్తి హాజరైనట్టు ఏ నిబంధనలో ఉంది?"

గంగరాజు గొంతు సవరించుకున్నాడు. "సార్, మన కోటు..."

చక్రధరరావు దగ్గాడు. సాయంత్రంలోగా నివేదిక పంపాలి. పంపకపోతే, ఈ నెలరోజులూ ఆయన ఎక్కడున్నాడన్న ప్రశ్న పైవాళ్ళు వేస్తారు. కోటు గుండీలు రెండుసార్లు పెట్టుకుని, రెండుసార్లు విప్పాడు.

"నిబంధనావళిలో 'హాజరు' అని మాత్రమే కలదు," అన్నాడు చివరికి. "దేనితో అన్నది అందు విశదీకరించబడలేదు. గేయమును మ్రోగించుడు!"

మణి మీట నొక్కాడు. ముందు ఇటుకరాయి, ఎనకాల చిల్లుబిందె. గంగరాజు దొడ్ల మధ్య తిరుగుతూ శ్రోతల ప్రతిస్పందన రాసుకున్నాడు. ఒకటో వర్గంలో ఎవరూ లేచిపోలేదు. రెండో వర్గంలో ఎవరూ ముఖం చిట్లించలేదు. మూడో వర్గంలో ఒక రబ్బరు చెప్పు గాలికి తిరగబడి మాగాయ వర్గం వైపు వాలింది. దాన్ని "పరస్పర అభిమానము" అన్న గడిలో రాశాడు. ట్యాంకరు కింద మాత్రం ఎవరో ఉండబట్టలేక బిందె మీద ఒక దెబ్బ వేశారు. అటుపక్కనుంచి ఇంకో బిందె పలికింది. అటువైపు చూడవలసిన అవసరం మండలికి కలగలేదు.

పాట అయ్యాక చక్రధరరావు నిలబడి చదివాడు: "మండలి చరిత్రలో ఏ గేయమునకూ ఇంతటి ఏకాభిప్రాయము వ్యక్తమై యుండలేదు. మూడు వర్గముల శ్రోతలును కడదాక నిశ్శబ్దముగా, క్రమశిక్షణతో, ఒకరినొకరు తొక్కుకొనక ఆలకించిరి. సదరు గేయమునకు సామరస్య పత్రము మంజూరు చేయడమైనది."

పత్రం మణి చేతికొచ్చింది. ట్యాంకరు కిందనుంచి ఈలలు వినబడ్డాయి. అంతా లేచి చెప్పుల కోసం బయల్దేరారు.

"ఆగండి!" అన్నాడు చక్రధరరావు. "పరీక్షలో పాల్గొన్న శ్రోతలు ఇప్పుడు దస్త్రములో భాగము. గంగరాజూ, సమస్త పాదరక్షలనూ స్వాధీనపరచుకో. సంతకం చేసినవారికి ఒక్కొక్కటిగా తిరిగి ఇవ్వబడును."

గంగరాజు చెప్పినమాట వినే మనిషి. సమస్తమూ అంటే సమస్తమూ అని, మూడు దొడ్లలో చెప్పులూ గోనెసంచులకెత్తి, జంబుఖానా అంచునున్న చెప్పుల్నీ బూట్లనీ కూడా వాటిలోనే వేసి, మూతులు కుట్టి, బల్ల వేసుకుని కూర్చున్నాడు. బల్ల ఒకటి, రిజిస్టరు ఒకటి.

సందు సందంతా ఆ బల్ల ముందుకొచ్చి నిలబడింది. కింద మట్టి పెనంలా కాలుతోంది. ఎవరికివాళ్ళు అలవాటుగా ఏదో ఒకటి వరుసలో పెట్టి నీడకి పోదామని కిందికి చూసుకున్నారు. పెట్టడానికి చెప్పుల్లేవు. అందరూ కాళ్ళతో, ఒంటితో, మనుషులుగా నిలబడ్డారు. వరుస ఒక్కటే.

గంగరాజు మొదటి సంచి కుమ్మరించి, ఒక చెప్పు పైకెత్తాడు. "ఏ వర్గందండీ ఇది?"

ఎవరికీ తెలియలేదు.

"చెప్పుకి ఊరగాయేటయ్యా, బుద్ధుందా?" అంది పిన్ని. "నాదది. ఇలా తే!" ఆ వెనకున్న మొగుడి వంక తిరిగి, "రాత్రికి లోపలికొచ్చి తిను. రెండు జాడీలూ తుడిచి పెట్టాను," అంది.

మే ఎండలో ఎంతసేపని చూస్తూ నిలబడతారు? కాళ్ళు కాలి జనం గంతులేస్తున్నారు. ఎడమకాలు, కుడికాలు, ఎడమకాలు. మణి ఆ గంతుల లయ విన్నాడు. పత్రం జేబులో పెట్టుకుని, మైకు దగ్గరికి పోయి పాట మళ్ళీ వేశాడు. వరుస మొదటినుంచి చివరిదాకా అందుకుంది. పిన్ని తన చెప్పు తొడుక్కోవడం మరిచి, బిందె కోసం చెయ్యి చాచింది.

అప్పుడే చక్రధరరావు జంబుఖానా అంచుకొచ్చి, తన బూట్ల కోసం అటూ ఇటూ చూశాడు.

"అయి కూడా సంచుల్లోనే ఉన్నాయండి," అన్నాడు గంగరాజు తలవంచుకుని. "సమస్తమూ అన్నారు కదండీ. మీరూ వరసలో రావాలండి. రిజిస్టరొకటే ఉంది."

చక్రధరరావు వరుస చివరికి నడిచాడు. రెండడుగులు వేసేసరికి అరికాళ్ళు చుర్రుమన్నాయి. కోటు విప్పి, మడతపెట్టి, తన ముందు మనిషి వెనక నేలమీద పెట్టి, నీడకి పోబోయాడు.

"ఓ బాబూ!" అని పిన్ని వరుస మొదట్నుంచి కేకేసింది. "కోటు చెల్లదు. ఈ సందులో చెప్పులే చెల్లుతాయి."

ఆయన కోటు తీసుకుని దుమ్ము దులుపుకున్నాడు. అందరి వెనకాలా నిలబడి, ముందు ఎడమకాలు, తరవాత కుడికాలు ఎత్తడం మొదలుపెట్టాడు. లయ తప్పలేదు.